డైరెక్టర్ స్థాయి పనికి ల్యాప్‌టాప్ తీసేసి ట్యాబ్లెట్ ఒక్కటే ఇస్తే నడుస్తుందా?

ఆఫీస్_సమన్వయం అడిగిన ప్రశ్న

మా సంస్థలో పై స్థాయి అధికారి ఒకరికి ల్యాప్‌టాప్ మార్చే సమయం వచ్చింది. ఈసారి ల్యాప్‌టాప్ వద్దు, 13 అంగుళాల ట్యాబ్లెట్, కీబోర్డ్ కవరు, పెన్ను ఇస్తే చాలంటున్నారు. సరేనని కొనేసి మూడో వారంలో మళ్లీ ల్యాప్‌టాప్ వెతుక్కునే పరిస్థితి రాకూడదని ముందుగా అడుగుతున్నాను.

ఆయన పని ఇదీ. రోజులో ఎక్కువ భాగం మెయిల్, క్యాలెండర్, టీమ్స్ మీటింగులు. బోర్డు సమావేశాలకు 200 నుంచి 300 పేజీల పీడీఎఫ్‌లు చదివి గుర్తులు పెట్టాలి. ఒప్పందాల డ్రాఫ్టులు వర్డ్‌లో ట్రాక్ చేంజెస్‌తో తిరిగొస్తుంటాయి. నెలకోసారి 40 ఎంబీ ఎక్సెల్ ఫైలు వస్తుంది, అందులో పివట్ టేబుళ్లు, రెండు మాక్రో బటన్లు (నొక్కితే వరుస పనులు తామే చేసేవి) ఉన్నాయి. స్లైడ్లలో మీటింగుకు ముందు చిన్న చిన్న దిద్దుబాట్లు. ఈఆర్‌పీలో (కొనుగోళ్లు, ఖాతాలు వంటివి నడిపే సంస్థ సాఫ్ట్‌వేర్) అప్రూవల్స్. కొన్ని పత్రాలపై పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌తో డిజిటల్ సంతకం.

వీటిలో ట్యాబ్లెట్ ఎక్కడ ఆగిపోతుంది? ఆగిన చోట దారి ఉందా? ఐప్యాడ్, శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్, సర్ఫేస్ ప్రో మధ్య తేడా ఈ పనికి ఎంతవరకు ముఖ్యం?

సిస్టమ్స్_డెస్క్

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబును బట్టి మిగతావన్నీ మారిపోతాయి. సర్ఫేస్ ప్రో చూడటానికి ట్యాబ్లెట్, లోపల పూర్తి విండోస్ కంప్యూటర్. దానిలో మాక్రోలు నడుస్తాయి, టోకెన్ పనిచేస్తుంది, ఎడ్జ్‌లో పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సైట్లు తెరిచే ఐఈ మోడ్ కూడా ఉంటుంది. కాబట్టి అది ఎంచుకుంటే మీ ప్రశ్నలో సగం లేనట్టే. ఒక్క జాగ్రత్త: 2024 నుంచి వచ్చిన మోడళ్లలో చాలావాటికి స్నాప్‌డ్రాగన్ చిప్ ఉంది, అంటే ఆర్మ్ విండోస్. మామూలు ప్రోగ్రాములు ఎమ్యులేషన్‌లో (ఇంటెల్ రకం చిప్‌ను అనుకరిస్తూ) బాగానే నడుస్తాయి కానీ డ్రైవర్లకు ఆ సదుపాయం లేదు. ప్రింటర్, వీపీఎన్, సంతకం టోకెన్, ఈ మూడింటి డ్రైవర్లు ఆర్మ్64 రకంలో ఉన్నాయో లేదో తయారీదారుని అడగకుండా ఆర్డర్ పెట్టొద్దు. వ్యాపార సంస్థల కోసం ఇంటెల్ చిప్‌తో వచ్చే సర్ఫేస్ ప్రో కూడా ఉంది, అనుమానం ఉంటే అదే తీసుకోండి.

ఐప్యాడ్, ఆండ్రాయిడ్ వేరే జాతి. అక్కడ యాప్ పేరు ఒకటే అయినా లోపల ఉన్నది ఒకటి కాదు. ఎక్సెల్ అనే బొమ్మ నొక్కితే ఎక్సెలే వస్తుంది, కానీ మెనూల్లో సగం ఉండవు. కొన్నవాళ్లు నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే.

మీ జాబితాలో మెయిల్, క్యాలెండర్, మీటింగులు, పీడీఎఫ్ చదవడం, అప్రూవల్స్, వీటికి ఐప్యాడైనా గెలాక్సీ ట్యాబ్ ఎస్ వరుస అయినా సరిపోతుంది. పీడీఎఫ్ మీద పెన్నుతో గుర్తులు పెట్టడంలో ల్యాప్‌టాప్ కంటే మేలు కూడా. పాత మెయిళ్లు పీఎస్‌టీ ఫైళ్లలో దాచి ఉంటే మాత్రం ట్యాబ్లెట్ ఔట్‌లుక్ వాటిని తెరవలేదు. ముందే సర్వర్ ఆర్కైవ్‌లోకి ఎక్కించాలి, అదీ పాత ల్యాప్‌టాప్ చేతిలో ఉండగానే.

ఈఆర్‌పీ విషయంలో దేనితో తెరుస్తున్నారో చూడండి. శాప్ అయితే ఫియోరీ పేజీలు బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి, ఐప్యాడ్‌లో ఇబ్బంది లేదు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే శాప్ జీయూఐ తెరలు అయితే కుదరదు. ఐప్యాడ్‌లో క్రోమ్, ఎడ్జ్ కనిపించినా డెస్క్‌టాప్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు వాటిలో ఎక్కవు. అప్రూవల్ పేజీ ఏదైనా ఎక్స్‌టెన్షన్ మీద ఆధారపడి ఉంటే అక్కడే ఆగిపోతుంది.

కొనే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఎవరిదైనా ట్యాబ్లెట్ తీసుకుని రెండు వారాలు ఆయనకు ఇవ్వండి, అందులో ఒక నెలాఖరు తప్పనిసరిగా ఉండాలి. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాలి, తెరిచిన ప్రతిసారీ కారణం ఒక్క వాక్యంలో రాయాలి. ఆ కారణాలను మూడు గుంపులు చేయండి: అలవాటు వల్ల తెరిచినవి, ట్యాబ్లెట్‌లో మరో దారిలో చేయగలిగినవి, ఎలాగూ కుదరనివి. మొదటి గుంపు నెమ్మదిగా తగ్గిపోతుంది. మూడో గుంపులో ఉన్న పని వారానికి ఎన్నిసార్లు పడుతుందన్నదాన్ని బట్టే నిర్ణయం తీసుకోండి. నెలాఖరు లేని పరీక్షను లెక్కలోకి తీసుకోకండి, మీ 40 ఎంబీ ఫైలు వచ్చేది అప్పుడే కదా.

షీట్_లెక్కలు

ఎక్సెల్ గురించి వివరంగా చెబుతాను. మీ జాబితాలో అసలు చిక్కు అదే.

ఐప్యాడ్, ఆండ్రాయిడ్ ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలు నడవవు. ఫైలు తెరుచుకుంటుంది, సెల్స్‌లో అంకెలు మార్చవచ్చు, మాక్రో బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. బయటి డేటా తెచ్చి సర్దే పవర్ క్వెరీ తయారుచేయడానికి వీల్లేదు, పెద్ద డేటాను కలిపి విశ్లేషించే పవర్ పివట్ లేదు. విండోస్ ఎక్సెల్‌కి విడిగా ఇన్‌స్టాల్ చేసే పాత తరహా కామ్ యాడ్-ఇన్‌లు కూడా ఎక్కవు. ఫైనాన్స్ విభాగాలు వాడే డేటా ప్లగిన్లలో ఎన్నో ఈ కోవలోవే. ఐప్యాడ్‌లో పివట్ టేబుల్ కొత్తగా తయారుచేసే వీలు 2024లో వచ్చింది. ఉన్నదాన్ని ఫిల్టర్ చేసి చూడటానికి అది చాలు.

షీటు సైజు గురించి ఒక మాట. పరిమితి అక్కడా 10,48,576 వరుసలే, కాబట్టి పెద్ద ఫైలు తెరుచుకోదని భయపడనక్కర్లేదు. ఇబ్బంది ర్యామ్ దగ్గర వస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్లెట్‌లో 40 ఎంబీ వర్క్‌బుక్ తెరిచి మెయిల్‌కి వెళ్లి తిరిగొస్తే ఎక్సెల్ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. వెనక ఉన్న యాప్‌ను జ్ఞాపకంలోంచి దించేసింది కాబట్టి. 8 జీబీ ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది, ఈ పనికి అంతకన్నా తక్కువ తీసుకోవద్దు.

రెండు మాక్రో బటన్లకు దారి ఉంది. ఆ మాక్రోలు ఏం చేస్తున్నాయో చదివించండి. డేటా సర్దడం, అక్కర్లేని వరుసలు తీసేయడం, ఫార్మాట్ వేయడం, మరో షీట్‌కి కాపీ చేయడం లాంటివైతే వెబ్ ఎక్సెల్‌లో నడిచే ఆఫీస్ స్క్రిప్ట్స్‌లోకి తిరగరాయవచ్చు. స్క్రిప్టును పవర్ ఆటోమేట్ (పనులను తానే నడిపే మైక్రోసాఫ్ట్ సేవ) ఫ్లోలో పెట్టి, ఆ ఫ్లోకి ఒక బటన్ పెడితే ఫోన్ నుంచో ట్యాబ్లెట్ నుంచో నొక్కవచ్చు. పని మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో జరుగుతుంది, ఆయన తెరిచేసరికి ఫైలు సిద్ధంగా ఉంటుంది. దీనికి మూడు షరతులు. ఫైలు వ్యాపార ఖాతాలోని వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండాలి, కంప్యూటర్ డిస్కులోని ఫైళ్లను స్క్రిప్టు ముట్టుకోలేదు. మాక్రోలుండే ఎక్స్‌ఎల్ఎస్ఎం కాకుండా మామూలు ఎక్స్‌ఎల్ఎస్ఎక్స్‌గా సేవ్ చేసి పెట్టండి. ఫ్లోలో ఒక స్క్రిప్టు నడిచే సమయం 120 సెకన్లు దాటితే ఆపేస్తుంది, కాబట్టి బరువైన పనిని రెండు మూడు స్క్రిప్టులుగా విడగొట్టాలి. సెల్ తర్వాత సెల్ చదివే పద్ధతిలో రాసిన స్క్రిప్టే ఈ గడువు దాటుతుంది. మొత్తం రేంజ్‌ను ఒకేసారి చదివి, లోపల లెక్క చేసి, ఒకేసారి తిరిగి రాస్తే అదే పని ఎంతో తక్కువ సమయంలో అయిపోతుంది.

మాక్రో ఔట్‌లుక్‌ని తెరిచి మెయిల్ పంపడం, డిస్కులో ఫోల్డర్లు తెరవడం లాంటివి చేస్తుంటే తిరగరాయడం పెద్ద పని. దానికి రిమోట్ డెస్క్‌టాపే నయం.

ఇంకొకటి, అంత ముఖ్యమైన అధికారి మాక్రో బటన్ తానే ఎందుకు నొక్కాలో కూడా అడగండి. నొక్కాక వచ్చే ఫలితమే కావాలంటే ఫైనాన్స్ వాళ్లే నొక్కి పంపవచ్చు. పరికరం మార్చడం కంటే పని ఎవరి చేతిలో ఉండాలో మార్చడం తేలికైన సందర్భాలు ఉంటాయి.

లైసెన్సు కూడా చూసుకోండి. 10.1 అంగుళాలలోపు తెర ఉన్న పరికరాల్లో ఆఫీస్ యాప్‌లతో మామూలు ఎడిటింగ్ ఉచితం, అంతకన్నా పెద్ద తెర అయితే సబ్‌స్క్రిప్షన్ ఉండాలి. మీది 13 అంగుళాలు, పైగా వ్యాపార వాడకం, కాబట్టి మైక్రోసాఫ్ట్ 365 వ్యాపార లైసెన్సు తప్పదు.

పత్రం_పరిశీలన

వర్డ్, పీడీఎఫ్, సంతకం గురించి నేను చెబుతాను.

ట్రాక్ చేంజెస్ ట్యాబ్లెట్ వర్డ్‌లో బాగానే ఉంది. మార్పులు కనిపిస్తాయి, ఒక్కొక్కటి అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, కామెంటు రాయవచ్చు. లేనిది కంపేర్. అవతలి పక్షం ట్రాకింగ్ ఆపేసి మార్చి పంపిన ఒప్పందాన్ని పాత ప్రతితో పోల్చి తేడాలు తీయాలంటే డెస్క్‌టాప్ వర్డ్ కావాలి. ఒప్పందాలు చూసేవాళ్లకు ఇది చిన్న లోటు కాదు. పోల్చిన ప్రతిని న్యాయ విభాగమే తయారుచేసి పంపాలని నియమం పెట్టుకుంటే ట్యాబ్లెట్‌లో చదివి నిర్ణయించడం ఒక్కటే మిగులుతుంది. మెయిల్ మర్జ్ కూడా లేదు, అది ఆయన చేసే పని కాదనుకుంటాను.

ఒప్పందం డ్రాఫ్టును మెయిల్ అటాచ్‌మెంటుగా తెరిచి దిద్దే అలవాటు ఉంటే మాన్పించండి. ట్యాబ్లెట్‌లో అటాచ్‌మెంట్ తెరిస్తే చాలాసార్లు చదవడానికి మాత్రమే వచ్చే ప్రతి కనిపిస్తుంది. సేవ్ ఎక్కడికి వెళ్లిందో తెలియక పాత ప్రతి తిరిగి పంపేయడం జరుగుతుంది. డ్రాఫ్టు షేర్‌పాయింట్‌లో ఉండాలి, మెయిల్‌లో లింకు మాత్రమే రావాలి. అప్పుడు పాత వెర్షన్లు కూడా దొరుకుతాయి.

బోర్డు పీడీఎఫ్‌లకు ట్యాబ్లెట్‌ను మించింది లేదని గట్టిగా చెబుతాను. 13 అంగుళాల తెరను నిలువుగా పట్టుకుంటే ఏ4 పేజీ దాదాపు పూర్తి సైజులో కనిపిస్తుంది, జూమ్ చేయనక్కర్లేదు. డిలిజెంట్ లాంటి బోర్డు పోర్టల్ వాడుతుంటే గుర్తులు అందులోనే పెట్టాలి, పీడీఎఫ్ బయటకు తీసి వేరే యాప్‌లో పెడితే రహస్య పత్రం రెండు చోట్ల మిగిలిపోతుంది. పోర్టల్ లేకపోతే ఏ పీడీఎఫ్ యాప్ అయినా సరే, రెండు సంగతులు ముందే పరీక్షించండి: 300 పేజీల ఫైలులో వెతుకులాట పనిచేస్తుందా, పెట్టిన గుర్తులు మరో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు కనిపిస్తున్నాయా. స్కాన్ చేసిన పేజీలు ఉంటే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించడం) చేయనిదే వెతుకులాట పనిచేయదు. పంపేవాళ్లే ఓసీఆర్ చేసి పంపాలి.

పెన్ను ఎంపికలో ఒక సంగతి. యాపిల్ పెన్సిల్‌లో యూఎస్‌బీ-సీ రకానికి ఒత్తిడిని గుర్తించే గుణం లేదు. గీతలు గీయడానికి, గుర్తులకు అది చాలు. రోజంతా చేతిరాతతో నోట్సు రాసేవారైతే ప్రో రకం తీసుకోండి, అది ట్యాబ్లెట్ అంచుకి అయస్కాంతంతో అతుక్కుని అక్కడే చార్జ్ అవుతుంది. శామ్‌సంగ్ ఎస్ పెన్ రాయడానికి చార్జింగ్ అక్కర్లేదు. పెన్నులన్నీ అన్ని మోడళ్లకూ సరిపోవు, ట్యాబ్లెట్ మోడల్ చెప్పి కొనండి.

ఇక టోకెన్. పెన్నుతో గీసే సంతకం వేరు, సర్టిఫికెట్‌తో చేసే డిజిటల్ సంతకం వేరు. రెండోదానికి ప్రైవేట్ కీ ఆ యూఎస్‌బీ టోకెన్ లోపల ఉంటుంది. దానితో మాట్లాడటానికి తయారీదారు ఇచ్చే మిడిల్‌వేర్ (మధ్యవర్తి ప్రోగ్రాము) కావాలి, అది సాధారణంగా విండోస్, మ్యాక్, లినక్స్‌లకే వస్తుంది. టోకెన్‌ను ఐప్యాడ్ యూఎస్‌బీ-సీలో పెట్టినంత మాత్రాన పీడీఎఫ్ యాప్ దాన్ని గుర్తుపట్టదు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను క్లౌడ్ సంతకం ఇస్తారా అని అడగండి. అందులో కీ వాళ్ల భద్రమైన హార్డ్‌వేర్‌లో ఉంటుంది, సంతకం చేసే ప్రతిసారీ ఫోన్‌లో అనుమతి ఇవ్వాలి. అదీ వీలుకాకపోతే సంతకాల కోసం ఒక కంప్యూటర్ ఉండాల్సిందే. టోకెన్, పిన్ రెండూ సహాయకుల చేతికి ఇచ్చి సంతకం చేయించే ఏర్పాటు మాత్రం పెట్టొద్దు. అది ఆయన సంతకమే అన్న మాటకు ఆధారం లేకుండా పోతుంది.

నెట్‌వర్క్_పక్క

ఆగిన చోట దారి అంటే రిమోట్ డెస్క్‌టాప్. ఆఫీసులో ఒక విండోస్ కంప్యూటర్ ఆయన పేరుతో ఉంటుంది, ట్యాబ్లెట్ దానికి తెర, కీబోర్డ్‌లా పనిచేస్తుంది. ఐప్యాడ్‌లో వాడే యాప్ పేరు ఇప్పుడు విండోస్ యాప్, 2024 వరకు మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ అనేవారు. పెట్టేటప్పుడు తప్పులు జరిగే చోట్లు వరుసగా చెబుతాను.

విండోస్ హోమ్ ఎడిషన్ బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ తీసుకోదు, ప్రో గానీ ఎంటర్‌ప్రైజ్ గానీ కావాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయాలి, నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (కలవకముందే లాగిన్ అడిగే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంచాలి. 3389 పోర్టును రౌటర్‌లో ఇంటర్నెట్‌కి తెరవొద్దు. తెరిచిన కొద్దిసేపటికే పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు దాన్ని తడుతుంటాయి, రాన్సమ్‌వేర్ లోపలికి వచ్చే పాత దారుల్లో ఇదొకటి. ట్యాబ్లెట్‌లో ముందు వీపీఎన్ కలిపి ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్ కలపాలి, లేదా 443 పోర్టు మీద నడిచే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే పెట్టాలి.

తర్వాత నిద్ర సంగతి. పవర్ సెట్టింగ్స్‌లో ప్లగ్ చేసి ఉన్నప్పుడు స్లీప్‌కి నెవర్ పెట్టండి. లేకపోతే ఆయన విమానాశ్రయంలో ఉన్నప్పుడు కంప్యూటర్ నిద్రపోయి ఉంటుంది. బయోస్‌లో కరెంటు పోయి తిరిగొస్తే తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, అదీ పెట్టండి. బిట్‌లాకర్‌కి (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) స్టార్టప్ పిన్ ఉంటే అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ అయిన కంప్యూటర్ పిన్ అడిగే తెర మీద ఆగి ఉంటుంది, రిమోట్‌గా దాన్ని దాటలేరు. ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రం పిన్ అడక్కుండా తెరుచుకునే నెట్‌వర్క్ అన్‌లాక్ అనే ఏర్పాటు ఉంది, అది చూడండి. లేదంటే అప్‌డేట్ సమయాన్ని ఎవరైనా ఆఫీసులో ఉండే వేళకు మార్చండి.

కంప్యూటర్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే విండోస్ 365 తీసుకోవచ్చు. అది మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉండే కంప్యూటర్, నెలవారీ లైసెన్సు. పై పేరాలోని నిద్ర, కరెంటు సమస్యలు అక్కడ ఉండవు. డేటా ఆఫీసు సర్వర్‌లో ఉంటే ఆ సర్వర్‌కి క్లౌడ్ నుంచి దారి వేయాల్సి వస్తుంది, అదొక అదనపు పని.

వాడకంలో: నెట్ వేగం కంటే ఆలస్యం ముఖ్యం. అటూ ఇటూ కలిపి 50 మిల్లీసెకన్లలోపు ఉంటే పక్కన కంప్యూటర్ ఉన్నట్టే ఉంటుంది. 100 దాటితే టైపు చేసిన అక్షరం వెనకబడుతుంది, 200 దగ్గర ఎక్సెల్‌లో పని చేయాలంటే విసుగొస్తుంది. రిమోట్ యాప్‌ను వదిలి మరో యాప్‌కి వెళితే కాసేపటికి కనెక్షన్ తెగవచ్చు, అవతల పని మాత్రం ఆగదు. మళ్లీ కలిస్తే వదిలిన చోటే ఉంటుంది. మౌస్ లేకుండా వేలితో విండోస్ నడపడానికి ప్రయత్నించవద్దు, విండోస్ మెనూలు వేలికి సరిపడేంత పెద్దవి కావు. ఐప్యాడ్‌కి మౌస్, ట్రాక్‌ప్యాడ్ సదుపాయం 2020లో వచ్చిన 13.4 వెర్షన్ నుంచే ఉంది. రిమోట్ తెర రిజల్యూషన్ పూర్తిగా పెట్టకుండా స్కేలింగ్ 150 శాతం దగ్గర పెట్టండి, అక్షరాలు చదవగలిగే సైజులో ఉంటాయి.

ఒక్కటి మర్చిపోకండి. నెట్ లేనిచోట ఇదంతా ఉండదు. విమానంలో ఆ మాక్రో ఫైలు కావాలంటే ట్యాబ్లెట్‌కి సమాధానం లేదు.

తూకం_చూద్దాం

పై జవాబులతో విభేదించను గానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆయన ట్యాబ్లెట్ ఎందుకు కోరుతున్నారు? బరువు కోసం అయితే లెక్క చూడండి. 2024లో వచ్చిన ఎం4 చిప్ 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో ఒక్కటే 579 గ్రాములు. యాపిల్ కీబోర్డ్ కవరు మ్యాజిక్ కీబోర్డ్ తగిలిస్తే మొత్తం కిలోంపావు దగ్గరికి వస్తుంది. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలు. 11వ తరం సర్ఫేస్ ప్రో కీబోర్డ్ లేకుండానే 895 గ్రాములు. బ్యాటరీకి యాపిల్ చెప్పే లెక్క ఐప్యాడ్‌కి 10 గంటల బ్రౌజింగ్, ఎయిర్‌కి 15 గంటలు. వీడియో మీటింగులు ఉంటే రెండూ తగ్గుతాయి.

కీబోర్డ్ ఎప్పుడూ తగిలించి ఉంచే మనిషికి ట్యాబ్లెట్ వల్ల లాభం దాదాపు లేదు. రోజులో సగం సమయం కీబోర్డ్ విప్పి, చేత్తో పట్టుకుని, పెన్నుతో చదివే మనిషికే అది సరైన పరికరం. మీ జాబితా చూస్తే ఆయన రెండో రకమే అనిపిస్తోంది, అయినా పరీక్ష వారాల్లో ఇది గమనించండి. ఒళ్లో పెట్టుకుని టైపు చేసే అలవాటు ఉంటే సర్ఫేస్ వెనక ఉండే మడత స్టాండు ఆనడానికి తొడల మీద స్థలం చాలదు, ముందుకు జారుతుంది. ఆ వాడకానికి మ్యాజిక్ కీబోర్డ్ నయం, కానీ దాని తెర ఒక హద్దు దాటి వెనక్కి వాలదు.

ఆఫీస్_సమన్వయం

అందరికీ కృతజ్ఞతలు. మాక్రోలు చదివించాను, రెండూ డేటా సర్ది ఫార్మాట్ వేసేవే. ఆఫీస్ స్క్రిప్ట్స్‌గా రాయిస్తున్నాం. సర్టిఫికెట్ సంస్థ క్లౌడ్ సంతకం ఇస్తామంది. కాబట్టి ఐప్యాడ్ వైపే మొగ్గుతున్నాం, కంపేర్ లాంటి వాటి కోసం విండోస్ 365 ఒకటి ఉంచుతాం.

మిగిలినవి రెండు. టేబుల్ మీద 27 అంగుళాల 4కే మానిటర్ ఉంది, దానికి కలపాలంటే ఏం కావాలి? టీమ్స్‌లో స్లైడ్లు చూపించేటప్పుడు ఏం గమనించాలి? పరికరం పోతే ఏం చేయాలన్నది కూడా ఎవరైనా చెబితే మంచిది.

కేబుల్_వైపు

మానిటర్ విషయంలో ముందు మోడల్ చూడండి. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్న ప్రతి ట్యాబ్లెట్ మానిటర్‌ను రెండో తెరగా వాడుకోలేదు. ఐప్యాడ్‌లలో ఎం1, ఆపై ఎం వరుస చిప్ ఉన్న ఎయిర్, ప్రో మోడళ్లే మానిటర్‌పై వేరే విండోలు పెట్టగలవు. మామూలు ఐప్యాడ్, మినీ అయితే తమ తెరనే అక్కడ మళ్లీ చూపిస్తాయి, రెండు పక్కలా నల్ల పట్టీలతో. శామ్‌సంగ్‌లో ట్యాబ్ ఎస్ వరుసలో ప్రధాన మోడళ్లకు డెక్స్ (కంప్యూటర్‌లా విండోలు చూపే పద్ధతి) ఉంది, మానిటర్ మీద విండోలు తెరుచుకుంటాయి. ఎస్6 లైట్ లాంటి వాటికి యూఎస్‌బీ 2.0 మాత్రమే, కేబుల్ ద్వారా బొమ్మ అసలు బయటకు రాదు.

మీ మానిటర్‌కి యూఎస్‌బీ-సీ ఇన్‌పుట్ ఉంటే ఒకే కేబుల్ చాలు. మానిటర్ 60 వాట్ల పవర్ డెలివరీ ఇస్తే చార్జింగ్ కూడా దాని నుంచే జరుగుతుంది, కీబోర్డ్, మౌస్, వెబ్‌క్యామ్ మానిటర్ వెనక రంధ్రాలకు తగిలించవచ్చు. బయటి వెబ్‌క్యామ్ ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి పనిచేస్తుంది. కేబుల్ మాత్రం వీడియో మోసేది అయి ఉండాలి. ఫోన్ చార్జర్‌తో వచ్చే తెల్ల కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0 రకం, చార్జింగ్ అవుతుంది, మానిటర్ నల్లగా ఉంటుంది. "మానిటర్ పాడైంది" అని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే.

హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే హబ్ కావాలి. కొనేటప్పుడు పెట్టె మీద "4కే 60 హెర్ట్జ్" అని ఉందో లేదో చూడండి. ఉత్త 4కే అని ఉంటే అది 30 హెర్ట్జ్ అనుకోండి, మౌస్ బాణం తడబడుతూ కదులుతుంది. కారణం ఇదీ: యూఎస్‌బీ-సీలో వేగమైన దారులు నాలుగు. హబ్ వాటిలో రెండు యూఎస్‌బీ డేటాకి తీసుకుంటే వీడియోకి రెండే మిగులుతాయి. పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఆ రెండింటి మీద 4కే 30 హెర్ట్జ్ వరకే వెళుతుంది. 1.4 వేగానికి సరిపడే హబ్ అయితే 60 వస్తుంది. హబ్ చార్జింగ్‌లో 10 నుంచి 15 వాట్లు తనకే వాడుకుంటుంది, కాబట్టి 45 వాట్లకు తగ్గని చార్జర్ పెట్టండి. ఈథర్నెట్ ఉన్న హబ్ తీసుకుంటే మీటింగులకు మేలు, కేబుల్ పెట్టగానే సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ అని కనిపిస్తుంది.

కలిపాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మిర్రర్ కాకుండా ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 ఉంటే విండోలను కావలసిన సైజులో కత్తిరించి పెట్టవచ్చు, పైన మెనూ పట్టీ కూడా వస్తుంది. అంతకు ముందు వెర్షన్లతో పోలిస్తే కంప్యూటర్ అలవాటున్నవాళ్లకు ఇది చాలా సుఖం.

టీమ్స్‌లో స్క్రీన్ షేర్ నొక్కితే ఐప్యాడ్ ఒక విండోను కాదు, మొత్తం తెరను చూపిస్తుంది. మధ్యలో వచ్చిన మెయిల్ నోటిఫికేషన్ అందరికీ కనిపిస్తుంది. ముందుగా డు నాట్ డిస్టర్బ్ పెట్టాలి. ఇంకా మంచిది స్క్రీన్ షేర్ వదిలి టీమ్స్‌లోనే పవర్‌పాయింట్ ఫైలును ఎంచుకుని చూపించడం. స్లైడు అందరికీ వెళుతుంది, మిగతా తెర వెళ్లదు, నెట్ నెమ్మదించినా అక్షరాలు మసకబారవు. స్లైడ్లలో సంస్థ సొంత ఫాంటు వాడుతుంటే అది ఐప్యాడ్‌లో లేనప్పుడు వేరే ఫాంటు పడి వాక్యాలు పెట్టెల్లోంచి బయటకు పొర్లుతాయి. ఆ ఫాంటును ఎండీఎం (సంస్థ పరికరాలను దూరం నుంచి నిర్వహించే వ్యవస్థ) ప్రొఫైల్‌తో పరికరంలోకి ఎక్కించమని ఐటీ వాళ్లను అడగండి. స్లైడ్ మాస్టర్ మార్చడం ట్యాబ్లెట్‌లో కుదరదు, చిన్న దిద్దుబాట్లకు దాని అవసరం రాదు.

కెమెరా పొడవు అంచు మీద ఉన్న మోడల్ తీసుకోండి. 2024 నుంచి వచ్చిన ఎయిర్, ప్రో మోడళ్లలో అలాగే ఉంది. పాతవాటిలో కీబోర్డ్‌కి తగిలిస్తే కెమెరా పక్కకు వచ్చి, మనిషి ఎటో చూస్తున్నట్టు కనిపిస్తుంది.

సిస్టమ్స్_డెస్క్

పరికరం పోయే సంగతి చెబుతాను. కొన్నాక పెట్టె తెరవకముందే ఎండీఎంలో చేర్చాలి. యాపిల్ బిజినెస్ మేనేజర్ ద్వారా కొంటే సీరియల్ నంబర్ మీ ఖాతాలో ముందే పడుతుంది. అలా సూపర్‌వైజ్డ్‌గా మొదలైన పరికరాన్ని ఎండీఎం నుంచి లాస్ట్ మోడ్‌లో పెట్టవచ్చు, దూరం నుంచి తుడిచేయవచ్చు. ఎవరో తుడిచి మళ్లీ మొదలుపెట్టినా మీ సంస్థ నమోదు తెరకే వస్తుంది. దుకాణంలో విడిగా కొని తర్వాత చేరిస్తే ఇంత పట్టు ఉండదు.

పాస్‌కోడ్ 6 అంకెలకు తగ్గకూడదు, అక్షరాలు కలిపితే ఇంకా మంచిది. ఐప్యాడ్‌లో డేటా ఎన్‌క్రిప్షన్ ఆ పాస్‌కోడ్‌తోనే ముడిపడి ఉంటుంది. 10 తప్పు ప్రయత్నాల తర్వాత డేటా తుడిచేసే సెట్టింగ్ ఆన్ చేయండి, ఇంట్లో పిల్లల చేతికి వెళ్లే పరికరమైతే ముందు ఆయనకు చెప్పి చేయండి.

మైక్రోసాఫ్ట్ ఎండీఎం అయిన ఇంట్యూన్‌లో యాప్ ప్రొటెక్షన్ పాలసీలు (సంస్థ డేటా ఏ యాప్‌లకు వెళ్లవచ్చో చెప్పే నియమాలు) పెట్టేటప్పుడు ఒకసారి ఆయన పనిని దృష్టిలో పెట్టుకుని చూడాలి. ఔట్‌లుక్‌లోంచి కాపీ చేసి నోట్సు యాప్‌లో పేస్ట్ చేస్తే "మీ సంస్థ డేటాను ఇక్కడ పేస్ట్ చేయకూడదు" అనే సందేశం వస్తుంది. యాప్ చెడిపోయిందనుకుని ఫోన్ చేస్తారు. ఆయన పెన్నుతో రాసే యాప్ వన్‌నోట్ లాంటి పాలసీ కింద ఉన్నదైతే ఈ గొడవ ఉండదు, కాబట్టి నోట్సు యాప్‌ను ఆయన ఎంచుకోకముందే మీరు సూచించండి. పీడీఎఫ్ యాప్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

లాగిన్ అనుమతులు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ట్యాబ్లెట్‌లో పెట్టొద్దు, ఫోన్‌లో పెట్టండి. పైగా ఒక ఎఫ్ఐడీఓ2 సెక్యూరిటీ కీ (లాగిన్ కోసం వాడే చిన్న పరికరం) నమోదు చేసి ఆఫీసులో భద్రపరచండి. ఫోన్, ట్యాబ్లెట్ ఒకే సంచిలో ఉండి సంచి పోతే, ఆ కీతో మరో కంప్యూటర్ నుంచి లాగిన్ అయి విండోస్ 365లో అరగంటలో పని మొదలుపెట్టవచ్చు. ఇది ఒకసారి నిజంగా చేసి చూడండి: ట్యాబ్లెట్, ఫోన్ రెండూ ఆఫ్ చేసి, కీతో మాత్రమే లాగిన్ అవ్వమనండి. నమోదు సరిగ్గా జరగకపోతే అక్కడే తెలిసిపోతుంది.